తవుడుకు కొన్న బిడ్డ

ఏప్రిల్ 22, 1979

రైల్వే యూనియన్ వాళ్ళు మా ఆయనకిచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. బట్టల కొలతలు రాసుకుందామని తీసుకున్నాను. కొలతలు మానేసి ఇది రాస్తున్నాను.

ఈ రోజు ఆరాధన అయిపోయాక స్త్రీల సమాజం వాళ్ళు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, చుట్టూ నిలబడి, కడుపు మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. రూతమ్మక్క చెయ్యి చెమటతో తడిగా ఉంది. "ప్రభువా, ఈసారన్న నీ దాసురాలికి నిండు దీవెన దయచెయ్యి" అని చర్చి పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. ఆ "ఈసారన్న" దగ్గర నేను లేచి నిలబడ్డాను. కళ్ళు తిరుగుతున్నాయన్నాను. అబద్ధం.

అంత గట్టిగా అరవాలా? పైనున్నవాడికి చెవుడా? ఇన్ని నెలలు నేను కావాలనే చప్పుడు చేయకుండా ఉన్నాను.

ఏప్రిల్ 24

పెద్ద గుమాస్తా గారి భార్య తెల్ల పాప్లిన్ తెచ్చింది. మనవణ్ణి చర్చిలో దేవునికి ప్రతిష్ఠ చేసే రోజుకు గౌను కుట్టాలట. నా కడుపు చూసి, "నీ బిడ్డకు కుట్టుకున్నవా మార్తా?" అంది.

"తీరికేదమ్మా" అన్నాను.

తీరిక లేకేం. శాంతి కడుపులో ఉన్నప్పుడు మూడు గౌన్లు, ఒక ఊలు టోపీ కుట్టి మడతపెట్టి ఉంచాను. పుట్టిన రోజే పోయింది. ఆ మూడింటిలో ఒకటి వేసి సాగనంపాం. అంతకుముందు శామ్యూలుకు ఏమీ కుట్టలేదు. కానీ మూడో నెలలో వాణ్ణి ప్రతిష్ఠ చేసి, సంఘమంతా చూస్తుండగా లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు నన్ను జ్ఞాపకం చేసుకున్నాడని. ఆ వారంలోనే జ్వరం వచ్చింది. వారం తిరగకుండానే పెట్టె.

ఎవరికీ చెప్పలేదు గానీ నాకు అర్థమయింది ఇదే. నేను సంతోషపడి గట్టిగా చెప్పినప్పుడల్లా పైనున్నవాడికి మా ఇల్లు గుర్తొస్తోంది. అందుకే ఈసారి గౌను లేదు, పేరు లేదు, సాక్ష్యం లేదు.

మే 20

రాత్రంతా కదిలింది. రాయకూడదు.

జూన్ 3

చర్చి అయ్యగారు ఇంటికి వచ్చారు. ఎండకు ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. నీళ్ళు తాగి, టీ తాగి, చివరికి అసలు మాటకు వచ్చారు.

"మార్తమ్మా, ప్రార్థన కూడికల్లో నువ్వు నోరు తెరవడం లేదట. తండ్రి ఏదైనా ఇస్తుంటే ఆ చెయ్యి చూసి భయపడే బిడ్డ ఉంటుందా?"

"ఉంటది అయ్యగారూ. గా చెయ్యే రెండుసార్లు గుంజుకున్నంక ఉంటది."

మా ఆయన గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అయ్యగారు బైబిలు సంచిలో పెట్టేసుకున్నారు. ఏదో ఒక వాక్యం తీసి నా మొహాన కొట్టనందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. లేస్తూ, "ఆ మాట దేవుడితోనే అనమ్మా. ఆయనతో పోట్లాడు. దాక్కోవద్దు" అన్నారు.

దాక్కుంటున్నానని ఈయనకెవరు చెప్పారు?

జూలై 2

ఆడపిల్ల. ఏడ్చింది. ఇంతకన్నా రాయను.

జూలై 5

ఎవరూ చూడని పుస్తకం కాబట్టి రాస్తున్నాను.

పక్క వాటాలో ఉండే పూలమ్మక్క బియ్యం మిల్లులో చెరుగుడు పని చేస్తుంది. మొగుడు నర్సంపేటలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్లల్లేరు. మొన్న నన్ను దవాఖాన నుంచి తీసుకొచ్చినప్పటి నుంచి రెండు పూటలా ఆమే వండి పెడుతోంది. ఈ పొద్దున పిల్లకు నీళ్ళు పోస్తూ అంది.

"మా దిక్కు పిల్లలు నిలువకుంటె ఏం జేస్తరో ఎరికేనా చెల్లె? పెంట మీద పడేస్తరు. ఇంకొకలు ఎత్తుకొని తవుడిచ్చి కొనుక్కుంటరు. ఇగ గా బిడ్డ ఈ ఇంటిది గాదనుకొని సావు ఎనక్కి వోతది."

"మేం గసొంటియి చెయ్యం అక్కా. మేం దేవుని బిడ్డలం."

"చెయ్యకుంటె మానె. నేనేమన్న జబర్దస్తి చేస్తున్ననా?" అని తన పనికి తను వెళ్ళిపోయింది.

మా ఆయన డ్యూటీకి వెళ్ళేదాకా ఆగాను. తర్వాత నేనే వెళ్ళి ఆమెను పిలిచాను. నేనే. ఆమె నన్ను బలవంతం చేసిందని రేపెప్పుడైనా నేను నమ్ముకుంటానేమోనని ఈ మాట రాసి పెడుతున్నాను.

చాటలో పాత చీర పరిచి పిల్లను పడుకోబెట్టి, మా వరస ఇళ్ళ వెనకున్న పెంట మీద పెట్టాను. వెనక్కి తిరిగి చూడొద్దంది. చూడకుండా వచ్చి గడపలో కూర్చున్నాను. అటువైపు నుంచి పూలమ్మక్క గొంతు వినిపించింది, చావుకు వినబడాలన్నట్టు. "అయ్యో, ఎవ్వలదో బిడ్డ పెంట మీద పడి ఉన్నది! దిక్కు మొక్కు లేనట్టున్నది!" తర్వాత చాట చంకన పెట్టుకుని వచ్చి, నా కొంగులో పిడికెడు తవుడు పోసింది.

"ఇగ ఇది నా బిడ్డ. పేరు పెంటమ్మ. నువ్వు పాలిచ్చే దాదివి, గంతే. నాదని నీ నోట్లకెళ్ళి రావద్దు."

తవుడు గుడ్డలో మూటగట్టి బియ్యం డబ్బా వెనక పెట్టాను. మా నాన్న బోర్డింగు స్కూల్లో పంతులు. నాకు ఆరేళ్ళప్పుడే బైబిలు వాక్యాలు కంఠతా చెప్పినందుకు బహుమతి వచ్చింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చూద్దాం.

జూలై 11

ఈ రాత్రి ఆకాశం నుంచి అమెరికా వాళ్ళ స్కైలాబ్ పడుతుందట. మన నెత్తి మీదే పడుతుందని మా శివనగర్ అంతా ఒకటే గోల. మేకలు కోసేశారు. అప్పులవాళ్ళు కూడా అడగడం మానేశారు. పూలమ్మక్క గుడ్లు పెట్టే కోడిని కోసి కూర వండింది. "సచ్చేటప్పుడు ఆకలితోటి ఎందుకు సచ్చుడు?" అంటోంది. మా ఆయన స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కదా, ఏది పడినా బండ్లు ఆగవని డ్యూటీకి వెళ్ళాడు.

అందరూ ఆకాశం చూసి వణుకుతున్నారు. నేను నాలుగేళ్ళ నుంచి చూస్తున్న ఆకాశమే అది. ఇవాళ తోడు దొరికింది.

జూలై 12

ఎక్కడో సముద్రం అవతల పడిందట. పూలమ్మక్క కోడి కోసం ఏడుస్తోంది.

ఆగస్టు 6

ఏడుస్తుంది కాబట్టి పాలిస్తున్నాను. అంతే. మొహం చూడను. కుట్టు చూసుకుంటూ ఇస్తాను. ఎడమ చెవి వెనక చిన్న మచ్చ ఉంది, గోధుమగింజంత. పాలు తాగేటప్పుడు కుడికాలి బొటనవేలు ఒకటే ఆడుతుంది. కళ్ళు వాళ్ళ నాన్నవి.

ఆగస్టు 19

మిల్లు నుంచి రాగానే పూలమ్మక్క ఒళ్ళంతా ఉన్న పొట్టు కడుక్కుని, పిల్లను తీసుకుని వాళ్ళ గడపలో కూర్చుంటుంది. ఆముదం రాస్తుంది. "ఎవ్వల బిడ్డవే నువ్వు? నా బిడ్డవా? పెంటీ, నా బంగారం" అని ముద్దు చేస్తుంది. పిల్ల ఆమెను చూసి నవ్వింది. మొదటి నవ్వు.

నాకేం. కొనుక్కున్నది ఆమె.

ఇవాళ మూడు జాకెట్లకు చేతులు తిరగేసి కుట్టాను. విప్పి మళ్ళీ కుట్టాలి.

సెప్టెంబర్ 9

దాచింది బయటపడింది.

"వచ్చే నెల ప్రతిష్ఠ పెట్టుకుందాం, అయ్యగారు అడుగుతున్నరు" అన్నాడు మా ఆయన. నేను చలికాలం పోనీ అన్నాను. "తర్వాత ఎండాకాలం రానీ అంటవేమో" అని ఆయన నవ్వాడు. అప్పుడే పూలమ్మక్క వచ్చి, "గట్ల మీ గుళ్ళె పేరు వెడితె పాత పేరు పోతది గద తమ్మీ? నేను కొన్న బిడ్డ, నన్నొక్క మాట అడగాలె" అంది. ఆమెలో కల్మషం లేదు. ఆయనకు తెలుసనే అనుకుంది.

మొత్తం విన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నా బిడ్డను తవుడుకు అమ్మినవా?"

"బతకాలని..." అన్నాను.

"మరి రెండు నెలల సంది నేను ఎవ్వల బిడ్డను ఎత్తుకుంటున్న మార్తా?"

అన్నం కలిపిన పళ్ళెంలో నీళ్ళు పోసి చెయ్యి కడుక్కున్నాడు. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టింది నేనొక్కదాన్నే కాదని ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ అదంతా నా ఒక్కదాని దుఃఖమే అనుకున్నాను.

సెప్టెంబర్ 16

మాటల్లేవు. ఈ సాయంత్రం పిల్లను భుజాన వేసుకుని రైలు పట్టాల దాకా తీసుకెళ్ళి గూడ్సు బండి చూపించుకొచ్చాడు. వాకిట్లోకి వస్తూ దాన్ని ఏదో పేరుతో పిలుస్తున్నాడు. ఆ పేరు చెవిన పడకుండా నేను కుట్టు మిషను గట్టిగా తొక్కాను. సూదిలో దారం కూడా లేదు.

అక్టోబర్ 13

దగ్గు. వాన. పూలమ్మక్క వాము కాచి పట్టింది.

అక్టోబర్ 14

ఒళ్ళు కాలుతోంది. ఊపిరికి డొక్కలు ఎగురుతున్నాయి. మా ఆయన డోర్నకల్ డ్యూటీలో ఉన్నాడు. తెల్లారగానే రిక్షా మాట్లాడి దవాఖానకు పోతాం.

అక్టోబర్ 17

మూడు రోజులు రాయలేదు. రాయడానికి చేతులు ఖాళీగా లేవు.

ఆ పొద్దున వానలో పూలమ్మక్కా నేనూ రిక్షాలో వెళ్ళాం. పిల్లను ఆమె కొంగు కింద దాచింది. పిల్లల వార్డు తలుపు దగ్గర నర్సమ్మ చూసి, "నిమ్ము చేసింది, లోపలికి తీసుకుంటాం. తల్లి ఒక్కతే ఉండాలి. తల్లెవరు?" అంది.

చావు ఆ గుమ్మం పక్కనే నిలబడి నా జవాబు కోసం చెవి ఒగ్గినట్టు అనిపించింది. పూలమ్మక్కను చూపించి, "ఈమె" అన్నాను.

పూలమ్మక్క నోరు తెరిచింది. నర్సమ్మ ఆమె రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. తలుపు పడింది.

వరండాలో నిలబడ్డాను. వాచ్‌మన్ వచ్చి, "ఇక్కడ నిలబడొద్దమ్మా. లోపలున్నోళ్ళకు నువ్వేమైతవ్?" అన్నాడు. పక్కింటిదాన్నన్నాను. గోడవార కూర్చున్న ముసలామె నా తడిసిన జాకెట్టు చూసి, "బిడ్డ నీదా అవ్వా?" అంది. కాదన్నాను.

అప్పుడు లోపల నుంచి ఏడుపు వినిపించింది. అది ఆకలి ఏడుపు. ఇరవైమంది పిల్లలు ఏడుస్తున్నా నాకు తెలుస్తుంది, అది మొదట రెండుసార్లు ఆగి ఏడుస్తుంది. నా పాలు ధారలు కట్టి నడుము దాకా కారాయి. ఆదివారం బడిలో పిల్లలకు నేనెన్నిసార్లు చెప్పాను, కోడి కూసేలోపు యేసును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు కథ! నేనూ మూడుసార్లు కాదన్నాను. కోడి కూయలేదు, నా బిడ్డ ఏడ్చింది.

తలుపు మీద పడి బాదాను. "నా బిడ్డ! తియ్యండి! బిడ్డ నాది!"

"అగో, ఇప్పుడే గద పక్కింటిదాన్నంటివి!" అని వాచ్‌మన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

లోపల నుంచి పూలమ్మక్క అరిచింది. "ఆమెదే సారూ! నేను తవుడుకు కొన్న, గంతే!"

"కొన్నవా? పిల్లను కొన్నవా? పోలీసోళ్ళను పిలవాల్నా?" అని వాచ్‌మన్ కేకేశాడు.

నర్సమ్మ బయటికి వచ్చింది. నా జాకెట్టు చూసి తలుపు తెరిచి పట్టుకుంది.

బిడ్డ తాగలేకపోయింది. ఊపిరి అందక వదిలేస్తోంది. పాలు పిండి చెంచాతో పొయ్యమన్నారు. అప్పుడు దాని మొహం చూశాను, తనివితీరా. చూస్తే దేవుడు తీసుకుపోతాడనుకుని మూడున్నర నెలలు చూడని మొహం. ఎంత పాపిష్టిదాన్ని! ఇచ్చింది ఉన్నన్నాళ్ళూ పక్కకు తిరిగి కూర్చున్నాను.

బేరం నాలిక చివరిదాకా వచ్చింది. బతికిస్తే నా మిషను గుడికిచ్చేస్తాను, చెవుల కమ్మలిచ్చేస్తాను, ఆరు నెలలు ఉపవాసం ఉంటాను. మింగేశాను. "ఇది నాది. నువ్విచ్చినవ్. నాకు భయమైతాంది" అన్నాను దేవుడితో. మూడే మాటలు. ఇంగ్లీషు తెలుగు ప్రార్థనలన్నీ నేర్చినదాన్ని, అంతకుమించి రాలేదు.

సాయంత్రానికి మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. కిటికీ ఊచల్లోంచి చూసి, "మన బిడ్డ ఎట్లున్నది?" అన్నాడు.

"మన బిడ్డకు ఇంకా తగ్గలేదు" అన్నాను. నెల రోజుల తర్వాత మేం మాట్లాడుకున్న మాట అదే.

అక్టోబర్ 20

చెంచా చెంచా తాగుతోంది.

అక్టోబర్ 26

ఇంటికి పంపారు. బాగా చిక్కిపోయింది, చర్మం ముడతలు పడింది. డాక్టరమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నాయి. ఇంకా రెండు మూడు చలికాలాలు జాగ్రత్త. మళ్ళీ రాదని నేను చెప్పలేను." ఏ దేవదూతా వచ్చి ఇక భయం లేదనలేదు. పొట్లంలో మందులిచ్చారు, రిక్షా ఎక్కాం.

నవంబర్ 11

డబ్బా వెనక మూట తీశాను. తవుడుకు పురుగు పట్టి గూళ్ళు కట్టింది. ముక్కిపోయిన వాసన. దాని మీద కొత్త తవుడు రెండు శేర్లు పోసి, చాట నిండా పట్టుకుని పూలమ్మక్క గడప ఎక్కాను. ఆమె పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

"ఏందే గది?"

"అక్కా, నా బిడ్డను నేను తిరిగి కొనుక్కుంట. తప్పనుకోకు."

"నేనమ్మను."

ఆమె మొహం చూస్తే హాస్యం కాదు. ఆమెకు మాత్రం ఎవరున్నారు? నాలుగు నెలలుగా ఆముదం రాసిన చేతులు. దవాఖానలో మూడు రాత్రులు వరండాలో బస్తా కప్పుకుని పడుకుంది. అడిగే ముఖం నాకేది?

"ఇంకెంత తేవాలె చెప్పు, తెస్త" అన్నాను.

"పిచ్చిదానా, అమ్మనంటె అమ్మ. ఊకెనే తీస్కపో."

"ఊకెనే ఎట్ల తీస్కపోత అక్కా?"

"ఎట్లంటె? చేతులు సాపి! నీ రెండు చేతులల్ల సాట ఉన్నది, బిడ్డను దేంతోటి పట్టుకుంటవ్? ముందుగాల గది కింద వెట్టు."

చాట కింద పెట్టాను. పెట్టినా చేతులు ముందుకు రాలేదు, కొంగుకు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఊరికే తీసుకోవడం ఎవరూ నేర్పలేదు నాకు. అన్నిటికీ ఏదో ఒకటి కట్టడమే తెలుసు. ఆమే లేచి పిల్లను నా చేతుల్లో పెట్టింది.

"పెంటి అనే పిలుస్త. గది మాత్రం ఇడ్సిపెట్ట" అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. ఏడ్చింది. గోడ ఇవతల నేనూ ఏడ్చాను. ఆ తవుడు పాలవాడి బర్రెకు వేశాం.

నవంబర్ 24

తెల్ల పాప్లిన్ మిగిలిన ముక్క ఒకటి ఉంది. కత్తిరించాను. బిడ్డకు గౌను. రాత్రికల్లా కుట్టేశాను.

నవంబర్ 25

ఈ రోజు చర్చిలో కోత పండుగ, మా బిడ్డ ప్రతిష్ఠ. గుమ్మడికాయలు, వడ్ల కంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ బల్ల ముందు పెట్టారు. వాటి మధ్యలో మేం నిలబడ్డాం. పూలమ్మక్క మొదటిసారి చర్చిలోకి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని చివరి వరసలో నిలబడింది. అయ్యగారు పేరు అడిగారు. మా ఆయన నా వైపు చూశాడు. నేనే చెప్పాను. వినబడక అయ్యగారు మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పాను.

సాక్ష్యం చెప్తావా అన్నారు. "దేవుడు బిడ్డను ఇచ్చాడు. తీసుకున్నాను" అన్నాను. రూతమ్మక్క ఇంకేమైనా ఉంటుందని చూసింది. లేదు.

నవంబర్ 26

ఉంది.

నవంబర్ 27

ఉంది. శామ్యూలుకు ప్రతిష్ఠ అయిన రెండో రోజే జ్వరం మొదలైంది.

నవంబర్ 28

ఉంది. దాని ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంటే మా ఆయన నా చెయ్యి తీసి పట్టుకున్నాడు.

డిసెంబర్ 6

క్రిస్మస్ కుట్టుపని. వారం దాటిపోయిన సంగతి ఇప్పుడు ఈ పుస్తకం తీస్తే గుర్తొచ్చింది.

డిసెంబర్ 16

చలి ముదిరింది. తెల్లవారుజామున దగ్గు వినిపించింది. అదే దగ్గు. పక్క వాటాలో పూలమ్మక్క కూడా లేచినట్టుంది, గిన్నె చప్పుడైంది. మా ఆయన చొక్కా వేసుకుంటున్నాడు, రిక్షాకు వెళ్తాడు.

నాకు భయంగా ఉంది. లేదని రాయను. జూలైలో అయితే ఈపాటికి మొహం తిప్పుకునేదాన్ని. ఇప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకునే రాస్తున్నాను. ఒళ్ళు వెచ్చగా ఉంది. కళ్ళు దీపం వైపు ఉన్నాయి.

కృపావతీ, అని పిలిచాను. గట్టిగానే, పైవాడికి వినపడేటట్టు.

తల తిప్పి నన్ను చూసింది.